మొదటి ప్రశ్న మేడం

ఆవిడకి ఉన్న జబ్బు ఒక్కటే. ఎక్కడ ఏ సభ జరిగినా, ఎవరు ఏం మాట్లాడినా, వాళ్ళు "ధన్యవాదాలు" అనీ అనకముందే ఆవిడ కుడిచెయ్యి పైకి లేస్తుంది. మొదటి ప్రశ్న ఆవిడదే. రెండోది ఎవరిదైనా కావచ్చు, అసలు లేకపోనూవచ్చు. పోనీ ఆ ప్రశ్నేమైనా పండితులు తలలు పట్టుకునేదా అంటే అదీ కాదు. బడికెళ్ళే పిల్లలు కూడా అడగడానికి మొహమాటపడే ప్రశ్న.

కంటికి కనపడనంత సన్నటి తీగలు తయారుచేసే పెద్ద శాస్త్రవేత్త ఒకాయన ఒకసారి గంటన్నరసేపు ప్రసంగించి, చెమట తుడుచుకుని, "ఏమైనా సందేహాలా?" అన్నాడు. చెయ్యి లేచింది.

"కంటికి కనపడవన్నారు కదండీ. మరి చేతిలోంచి జారి కింద పడితే ఎలా వెతుక్కుంటారు?"

హాలంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. కాసేపు పైకప్పు వంక చూసి, "వెతుక్కోమండీ. ఇంకోటి చేసుకుంటాం," అన్నాడు దిగులుగా.

మనుషుల మొహాలు గుర్తుపట్టి తలుపు తీసే యంత్రం గురించి ఒక పరిశోధకుడు చెప్పినప్పుడు, "పోనీ అప్పుడే నిద్రలేచిన మొహాన్ని గుర్తుపడుతుందా?" అని అడిగింది. అతను నవ్వేశాడు. మర్నాడు పొద్దున్నే ఆ యంత్రం అతన్నే తన గదిలోకి రానివ్వలేదు. తాళాలు బాగుచేసేవాణ్ణి పిలిపించుకోవాల్సి వచ్చింది.

ఒక వృద్ధ ఆచార్యుడి సంతాపసభలోనూ చెయ్యి ఊరుకోలేదు. అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే, "రెండు నిమిషాలు మౌనం అన్నారు కదా, గడియారం ఎవరు చూశారండీ?" అంది. ఎవరూ చూడలేదు. మళ్ళీ మొదట్నుంచీ నిలబడ్డారు.

విభాగాధ్యక్షుడు ఒకనాడు తెగించి, "ఈ రోజు ప్రశ్నలకి సమయం లేదు," అని ముందే ప్రకటించాడు.

"ఎందుకు లేదండీ?" అంది ఆవిడ.

ఆ రోజు మొదటి ప్రశ్నా ఆవిడదే అయింది, ఆఖరిదీ ఆవిడదే అయింది.

వెనక వరసల్లో కుర్రాళ్ళు టీ పందేలు కాసేవాళ్ళు. పందెం ఆవిడ అడుగుతుందా లేదా అని కాదు, ఆ సంగతి సూర్యుడు పొడిచినంత ఖాయం. ప్రశ్న "మరి"తో మొదలవుతుందా, "పోనీ"తో మొదలవుతుందా అని. ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. గుమస్తా దగ్గర్నుంచి అధ్యక్షుడి వరకూ అందరికీ ఆవిడ మొదటి ప్రశ్న మేడం.

ఇదంతా అందరికీ వినోదమే. ఒక్క పైపులమ్మాయికి మాత్రం ప్రాణసంకటం.

భూమిలో పాతిన నీళ్ళ గొట్టానికి ఎక్కడ చిల్లు పడిందో, తవ్వి చూడకుండా, చప్పుడు విని చెప్పే పరికరం మీద ఆమె పరిశోధన. గొట్టానికి బిళ్ళలాంటిది ఒకటి అతికించి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని రోజంతా వింటూ కూర్చుంటుంది. అందుకని ప్రయోగశాలలో ఆమెని పైపులమ్మాయి అంటారు. ఆ గదిలో ఎనిమిది బల్లలు. ఏడింటి దగ్గర ఏడుగురు మగవాళ్ళు. చెడ్డవాళ్ళని అనడానికి వీల్లేదు. సాయంత్రం నాలుగవగానే ఏడుగురూ ఒక్కసారి లేచి, "మా యంత్రాలు కాస్త చూస్తూండు, టీ తాగొచ్చేస్తాం," అనేవాళ్ళు. రెండేళ్ళుగా ఆమె చూస్తూనే ఉంది. "నువ్వూ రా" అనాలని ఏడుగురిలో ఒక్కడికీ తట్టలేదు. వస్తానని అడగడానికి ఆమెకి నోరు రాలేదు.

ఆ భవనం కట్టినవాళ్ళకి అందులో ఆడవాళ్ళు పనిచేస్తారన్న అనుమానం ఉన్నట్టు లేదు. ఆడవాళ్ళ మరుగుదొడ్డి పక్క భవనంలో ఉంది, దాని తాళంచెవి అక్కడి కాపలాదారు దగ్గర ఉంది. ఇంటి నుంచి అమ్మ రోజూ ఫోను చేసేది.

"ఇవాళ ఎవరితో మాట్లాడావే?"

"కాపలాదారుతో."

"ఏం మాట్లాడావు?"

"తాళంచెవి అడిగాను."

"ఇంకా?"

"మళ్ళీ ఇచ్చేశాను."

 "సరేలే, వేళకి తిను," అని అమ్మ పెట్టేసేది. పైపులమ్మాయి మళ్ళీ హెడ్‌ఫోన్లు తగిలించుకునేది. రోజు మొత్తంలో ఆమెతో ఎక్కువ సేపు కబుర్లు చెప్పేవి ఆ గొట్టంలో నీళ్ళే.

ఆమె బాధేమిటంటే, గురువారం మధ్యాహ్నం సెమినారులో మేడం ప్రశ్న అడగగానే ఆ ఏడుగురూ వెనక్కి తిరిగి, "మీ మేడం ఏమడిగిందో విన్నావా?" అనేవాళ్ళు. మీ మేడం! ఆవిడతో ఆమె ఒక్క ముక్క మాట్లాడి ఎరగదు. సెమినారుకి పక్క భవనాల నుంచి వచ్చే విద్యార్థినుల్ని మినహాయిస్తే ఒక విభాగంలో ఇద్దరే ఆడవాళ్ళుంటే ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు అయిపోతుంది కాబోలు. తప్పు ఆవిడ చేస్తే తల ఈమె దించుకోవాలి.

అలాగని పైపులమ్మాయి నోరులేనిదేమీ కాదు. కిందటేడు ఒక సెమినారులో మేడం లేచి, "ఆ గీత ఎర్రగానే ఎందుకుందండీ, నీలం అయిపోయిందా?" అని అడిగితే, హాలంతా నవ్వుతూండగానే పైపులమ్మాయి కూడా చెయ్యెత్తింది. నిజంగా మంచి ప్రశ్న వేసింది. వచ్చినాయన దాన్ని పుస్తకంలో రాసుకున్నాడు కూడా. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి తెలియదు. బహుశా వయసుతో పాటు వచ్చిందనుకుంది.

ఇలా ఉండగా ఏటా జరిగే పెద్ద సదస్సు వచ్చింది. విజ్ఞానశాస్త్రంలో స్త్రీ పురుష సమతూకం అని గోడ నిండా బ్యానరు కట్టారు. దాని కింద వేదిక మీద ఏడుగురు పెద్దమనుషులు బారుగా కూర్చున్నారు. స్త్రీలు ముందుకు రావాలని ఒకరి తర్వాత ఒకరు తలా అరగంట చెప్పారు. వాళ్ళలో చిన్నమాట గారు ముప్పావుగంట తీసుకున్నాడు. ఆయన విభాగంలో అందరికంటే సీనియరు. ఏ సభలో లేచినా, "ప్రశ్న కాదు, చిన్న మాట," అని మొదలుపెడతాడు. ఆ చిన్న మాట అయ్యేసరికి ముందు వరసలో ఇద్దరికి కునుకు పట్టి, లేచి, మళ్ళీ పడుతుంది.

"ఏమైనా ప్రశ్నలా?" అన్నాడు అధ్యక్షుడు.

చెయ్యి లేచింది.

"వేదిక మీద నీళ్ళ సీసాలు ఎనిమిది ఉన్నాయి. మనుషులు ఏడుగురే ఉన్నారు. మరి ఆ ఎనిమిదో సీసా ఎవరిదండీ?"

వేదిక మీద ఏడుగురూ సీసాలు లెక్కపెట్టారు. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి. ఎటు నుంచి లెక్కపెట్టినా ఎనిమిదే. అప్పుడు బయటపడింది సంగతి. ఎనిమిదో వక్త ఒక స్త్రీ. ఆవిడకి ఉత్తరం వెళ్ళలేదు. ఆయన రాశాడనుకున్నానని ఈయన, ఈయన రాశాడనుకున్నానని ఆయన. సమతూకం మీద సదస్సుకి కుర్చీలు, సీసాలు, పూలగుత్తులు అన్నీ సరిగ్గా అమర్చి మనిషిని మర్చిపోయారు.

అధ్యక్షుడికి ముచ్చెమటలు పట్టాయి. హాలు కలయజూశాడు. మూడో వరసలో పైపులమ్మాయి కనిపించింది.

"అమ్మాయ్, నువ్వు రా పైకి! రా రా, కూర్చో!"

ఆమె వెళ్ళి ఎనిమిదో సీసా వెనక కూర్చుంది. ఫొటో తీశారు. ఒక్క మాట మాట్లాడమని ఎవరూ అనలేదు. దిగిపోమని కూడా ఎవరూ అనకపోవడంతో ఆఖరివరకూ అక్కడే కూర్చుంది. మర్నాటి నుంచి ప్రయోగశాలలో పేరు మారింది.

"ఎనిమిదో సీసా, మా యంత్రాలు చూస్తూండు. వచ్చేస్తాం."

ఆమె ఆ రోజు పక్క భవనానికి వెళ్ళి, తాళంచెవి అడిగి, లోపల గడియ పెట్టుకుని ఏడ్చింది. తనని సీసాకి తోడుగా కూర్చోబెట్టిన అధ్యక్షుడి మీద రావలసిన కోపం మేడం మీదికి వచ్చింది. మనకి కోపం ఎప్పుడూ అందుబాటులో ఉన్నవాళ్ళ మీదే కదా వస్తుంది. పైగా ఇంకో ఐదు వారాల్లో తన సెమినారుంది. ఏడాదికోసారి పనంతా చెప్పుకోవాలి. అధ్యక్షుడూ చిన్నమాట గారూ విని కాగితం మీద "సంతృప్తికరం" అని రాయాలి. రాయకపోతే బల్ల ఖాళీ చేసి ఇంటికి పోవడమే. అక్కడ మేడం లేచి, "పైపులో చేప వెళ్తే కూడా వినిపిస్తుందా?" అని అడిగిందనుకోండి. హాలు నవ్వుతుంది, అధ్యక్షుడు నవ్వుతాడు, ఆ నవ్వులోనే రెండేళ్ళ పనీ కొట్టుకుపోతుంది.

అందుకని వెళ్ళి చెప్పేద్దామనుకుంది.

మేడం గది కింది అంతస్తులో, నడవా చివర, జనరేటరు పక్కన ఉంది. మొదట్లో అది సామాన్లు పెట్టే గదట. ముప్పై ఒక్కేళ్ళ క్రితం ఆవిడ ఉద్యోగంలో చేరినప్పుడు, వేరే గది చూసేదాకా సర్దుకోమన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. పైపులమ్మాయి తలుపు తట్టేసరికి ఆవిడ భోజనం డబ్బా ముందు పెట్టుకుని, రేడియోలో వ్యవసాయ కార్యక్రమం వింటోంది.

"మరి వాన పడకపోతేనో?" అని అడుగుతోంది రేడియోని.

తలుపు దగ్గర మనిషిని చూసి గాభరాపడింది. గదిలో రెండో కుర్చీ ఉంది గానీ దాని మీద మోకాలెత్తు కాగితాలున్నాయి. ఆవిడ ఆ దొంతర రెండు చేతులతో ఎత్తి, బల్ల మీద పెడదామంటే బల్ల నిండుగా ఉండి, నేల మీద పెడదామంటే డబ్బాలుండి, ఏం చెయ్యాలో తోచక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాగితాల పైన ఆవిడ కళ్ళూ జుట్టూ మాత్రమే కనిపిస్తున్నాయి.

"కూర్చో అమ్మా కూర్చో. ఈ కుర్చీలో మనిషి కూర్చుని చాలా కాలమైంది. విరగదులే."

పైపులమ్మాయి దారిపొడుగునా వల్లించుకున్న మాటల్లో సగం మర్చిపోయింది. మిగిలిన సగం గబగబా అప్పజెప్పింది.

"మేడం, ఏమీ అనుకోకండి. మీరు సెమినారుల్లో అడిగే ప్రశ్నలకి అందరూ నవ్వుతారు. మిమ్మల్ని చూసి నన్ను కూడా నవ్వుతారు. ఇప్పుడు నన్ను ఎనిమిదో సీసా అంటున్నారు. వచ్చే నెల నా సెమినారుంది. అది పోతే నేను ఇంటికి పోవాలి. దయచేసి... అడగొద్దు మేడం. నా సెమినారులోనే కాదు, అసలే అడగకండి."

అనేశాక తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే భయం వేసింది.  

"సీసా అంటున్నారా?" అంది మేడం మెల్లగా. "అది నా వల్లే జరిగింది. నువ్వు అక్కడున్నావని నేను చూసుకోలేదు తల్లీ. వాళ్ళు కుర్చీ ఖాళీగా ఉంచి సిగ్గుపడతారనుకున్నా గానీ, ఇలా నింపేస్తారనుకోలేదు."

"పోనీలెండి మేడం."

"సరే, అడగను."

"నిజంగానా?"

"మాటంటే మాటే. టీ తాగుతా..." అని మొదలుపెట్టి, అదీ ప్రశ్నే అవుతుందని స్ఫురించిందేమో, చటుక్కున నోరు మూసుకుని, వేడినీళ్ళ ఫ్లాస్కు చూపుడువేలితో చూపించింది.

పైపులమ్మాయి ప్రయోగశాలలో పనుందని అబద్ధమాడి వచ్చేసింది. మెట్లెక్కుతుంటే గెలిచినట్టుండాలి కదా, ఉండలేదు. ఆవిడ కాగితాలు మళ్ళీ కుర్చీ మీద పెట్టేసుకుంటూ ఉంటుందని తోచి మనసు చివుక్కుమంది.

ఆ గురువారం సెమినారు ముగిసింది. వక్త "ధన్యవాదాలు" అన్నాడు. హాలంతా అలవాటుగా మొదటి వరస వైపు చూసింది. చెయ్యి లేవలేదు.

"మేడం?" అన్నాడు అధ్యక్షుడు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. అధ్యక్షుడు కంగారుపడి మైకులోనే, "ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. ఒకరు మంచినీళ్ళు తెచ్చారు, ఒకరు తలనొప్పి మాత్ర తెచ్చారు. గొంతుకి ఆపరేషనంట అని ఒక పుకారు, పైవాళ్ళు తాఖీదు ఇచ్చారంట అని ఇంకో పుకారు పుట్టి, సాయంత్రానికి రెండూ కలిసి, గొంతుకి ఆపరేషను చేయించుకోమని పైవాళ్ళు తాఖీదు ఇచ్చారని తేలింది. పందేల కుర్రాళ్ళు ఎవరు ఎవరికి టీ ఇప్పించాలో తెలియక మానుకున్నారు.

రెండో గురువారం చిన్నమాట గారు మొదట లేచాడు. మూడో గురువారమూ ఆయనే. ఆయన కూర్చునేసరికి సమయం అయిపోయేది. నాలుగో గురువారం పైపులమ్మాయి మనసులో ఒక ప్రశ్న పుట్టింది. చెయ్యెత్తుదామని మోచెయ్యి బల్ల మీంచి జానెడు లేపింది కూడా. ఇంత పెద్దాయన మాట్లాడాక ఇంత చిన్న ప్రశ్నా అనిపించి, అదే చేత్తో జుట్టు సవరించుకుంది. కిందటేడు వచ్చిన ధైర్యం వయసుతో పాటు పెరగలేదు సరికదా, ఎటు పోయిందో తెలియలేదు.

ఆమె సెమినారు రోజు రానే వచ్చింది. మెడ దగ్గర తగిలించే మైకు బిగించడానికి మైకాయన వచ్చాడు. పాతికేళ్ళుగా ఆ హాల్లో మైకులు మోస్తున్నాడు. ఎవరు చెయ్యెత్తినా వాళ్ళ దగ్గరికి మైకు పట్టుకెళ్ళేది ఆయనే.

"మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయండీ?" అంది ఆమె, ఏదో ఒకటి మాట్లాడాలని.

"ఈ నెల్లో పూర్తిగా తగ్గిపోయాయమ్మా. మెట్లెక్కే పనే లేదు. మేడం అడగడం మానేసిన కాడ్నుంచి మైకు మూడో వరస దాటలేదు."

"మేడం కూర్చునేది మొదటి వరసలో కదా. ఆవిడ మానేస్తే మీకు మెట్లెందుకు తగ్గుతాయి?"

మైకాయన ఆమెని వింతగా చూశాడు. ఇంత చదువుకుని ఇది తెలియదా అన్నట్టు.

"ఆవిడ మొదట అడగ్గానే అందరూ నవ్వుతారు కదా. ఆ నవ్వు అయిపోగానే వెనకాల ఆడపిల్లల చేతులు లేస్తాయి. ఇంతకంటే తెలివితక్కువ ప్రశ్న మనం అడగలేంలే అన్న ధీమా వస్తుందన్నమాట. ఆవిడ సెలవు పెడితే నాకూ సెలవే. ఒకసారి అడిగాను కూడా, మేడం, మిమ్మల్ని చూసి నవ్వుతున్నారు, మీకెందుకమ్మా ఇదంతా అని."

"ఏమన్నారు?"

"ఎవరో ఒకరు ముందు నవ్వులపాలు కావాలి కదయ్యా, కొత్తగా వాళ్ళెందుకు, నాకెటూ అలవాటే అంది. తను చదువుకునే రోజుల్లో ఒక్క ప్రశ్న గొంతుదాకా వచ్చి ఆగిపోయిందట. అడుగుదామంటే తనకంటే ముందు అడిగిన ఆడమనిషి లేకపోయిందట. ఆవిడెందుకు మానేసిందో ఏమో గానీ... ఇదిగో, మైకు పనిచేస్తోంది. ఇక మాట్లాడుకోవచ్చు."

అధ్యక్షుడు అప్పటికే ఆమె పేరు పిలిచాడు. పరిగెత్తుకెళ్ళి మేడం కాళ్ళు పట్టుకునే వ్యవధి లేదు. పైపులమ్మాయి ఆ మాటలన్నీ గుండెల్లో రాయిలా పెట్టుకుని వేదికెక్కింది.

ఇరవై స్లైడ్లకి మించకూడదని అధ్యక్షుడి ఆజ్ఞ. ముప్పై నాలుగింటిని ఇరవైకి కోసి, బాగానే చెప్పింది. చిల్లు దగ్గర నీళ్ళు ఏ చప్పుడు చేస్తాయో వినిపించింది. "ధన్యవాదాలు," అంది.

మొదటి వరసలో మేడం కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది, పాలకి ఉరికే దూడని పట్టుకున్నట్టు.

"ప్రశ్న కాదు, చిన్న మాట," అని చిన్నమాట గారు లేచాడు.

ఆయన మాట తన విద్యార్థి దశలో మొదలై, ఉద్యోగం మీదుగా, మోటార్ల మీద తను రాసిన పుస్తకం దగ్గర కాసేపు ఆగి, పద్దెనిమిదో నిమిషంలో గమ్యం చేరింది. "కాబట్టి ఈ అమ్మాయి విన్నది చిల్లు చప్పుడు కాదు. పంపు మోటారు గురక. రెండేళ్ళూ మోటారు గురక విని నీళ్ళనుకుంది పాపం."

"సార్, అది..."

"ఒక్క క్షణం, పూర్తి చెయ్యనివ్వమ్మా."

ఇంకో నాలుగు నిమిషాలు పూర్తి చేశాడు. ప్రయోగశాల నుంచి వచ్చిన ఏడుగురూ బూట్ల వంక చూసుకుంటున్నారు. వెనక వరసల్లో ఆడపిల్లలు పుస్తకాలు సర్దుకుంటున్నారు. అధ్యక్షుడు గడియారం చూశాడు.

"సమయమైపోయింది. పెద్దాయన చెప్పింది ఆలోచించదగ్గదే. అయితే మరి..." అని కాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు.

పైపులమ్మాయికి జవాబు తెలుసు. కొలతలున్నాయి. కోసేసిన పద్నాలుగు స్లైడ్లలో అదొకటి. కానీ అడగనిదానికి జవాబెలా చెబుతుంది? ఆయనది ప్రశ్న కాదని ఆయనే అన్నాడు కదా.  బల్ల, హెడ్‌ఫోన్లు, రెండేళ్ళు అన్నీ ఆ పెన్ను మొన దగ్గర ఆగి ఉన్నాయి.

"మేడం," అంది.

మెడ దగ్గర మైకుండడంతో హాలు దద్దరిల్లింది. మేడం ఉలిక్కిపడింది.

"మీకేమైనా సందేహం ఉందా మేడం?"

"నాకా?"

"మీకే."

"నువ్వే కదమ్మా అడగొద్దన్నావు," అంది ఆవిడ, చాలా మర్యాదగా, హాలందరికీ వినిపించేటట్టు.

అంతా గొల్లున నవ్వారు. పైపులమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. తల కొట్టేసినట్టయింది. అయినా వెనక్కి తగ్గలేదు.

"అన్నానండీ. బుద్ధి తక్కువై అన్నాను. అడగండి."

ఎడమచెయ్యి వదిలేసింది. కుడిచెయ్యి లేచింది. నెలరోజుల తర్వాత లేచిందేమో, ఉండవలసిన దానికంటే మూడంగుళాలు ఎక్కువే లేచింది.

"మరి నాకు మోటార్ల గురించి అంతగా తెలియదమ్మా. పోనీ ఆ పంపు ఆపేస్తే నీ పరికరానికి ఏం వినిపిస్తుంది?"

వెనకాల ఎవరో, "మరీ ఉంది, పోనీ ఉంది, పందెం చెల్లదు!" అన్నారు. మళ్ళీ నవ్వులు. కానీ ఈసారి నవ్వు మధ్యలో తెగిపోయింది. ముందు అధ్యక్షుడు ఆపాడు. చిన్నమాట గారు నవ్వడానికి తెరిచిన నోరు అలాగే ఉంచేశాడు.

"పంపు ఆపి పదకొండు రోజులు విన్నాను మేడం," అంది పైపులమ్మాయి. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "పై ట్యాంకు నుంచి నీళ్ళు దిగుతూనే ఉంటాయి కాబట్టి చిల్లు దగ్గర చప్పుడు అలాగే ఉంది. మోటారు లేదు కాబట్టి ఇంకా స్పష్టంగా ఉంది. ఆ స్లైడు నా దగ్గరుంది. ఇరవైలో పట్టలేదు. చూపించనా?"

"చూపించు మరి," అన్నాడు అధ్యక్షుడు పెన్ను పక్కన పెట్టి.

చూపించింది. వినిపించింది. నీళ్ళ చప్పుడు హాలంతా పరుచుకుంది. మోటారు గురక మచ్చుకైనా లేదు.

పైన ఆఖరి వరసలో ఒక ఆడపిల్ల చెయ్యి లేచింది. మైకాయన మెట్ల వైపు చూసి, "ఓరి నాయనో," అని మూలిగి, మొహమంతా నవ్వుతో ఎక్కడం మొదలుపెట్టాడు. ఆయన ఆ వరస చేరేలోపు దాని కింది వరసలో ఇంకో చెయ్యి, అవతలి మూల మరొకటి. ప్రశ్నల్లో ఒకటి నిజంగా తెలివితక్కువదే, ఒకటి చాలా మంచిది, మూడోదానికి పైపులమ్మాయి, "అది ఇంకా చూడలేదు, చూస్తాను," అని రాసుకుంది. అరగంట గడిచింది. గడియారం అధ్యక్షుడి చేతికే ఉంది గానీ ఆయన దాని వంక చూడలేదు. "సంతృప్తికరం" అని రాసి, కింద గీత కూడా గీశాడు.

"నేను మొదట్నుంచీ అంటున్నదీ అదే," అన్నాడు చిన్నమాట గారు సంతకం పెడుతూ.

హాలు ఖాళీ అయ్యాక పైపులమ్మాయి నడవాలో పరిగెత్తి మేడంని అందుకుంది. క్షమాపణలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, నోటికొచ్చింది అడిగేసింది.

"మేడం, పంపు ఆపిన సంగతి నేనివాళ చెప్పనేలేదు. మీకెలా తెలుసు?"

"నీ నివేదిక చదివాను కదమ్మా. నూట నలభై పేజీలూ."

"అది మా గైడు గారు కూడా చదవలేదు మేడం!"

"ఆయనకి ఇంటినిండా జనం. సాయంత్రాలు నాకేం పని?" అంది ఆవిడ, బాధేమీ లేకుండా, ఉన్న సంగతి చెప్పినట్టు. "బాగా రాశావు. చదివినంతసేపూ నువ్వు పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. అంత బాగుంది కాబట్టే రెండుసార్లు చదివా."

 పైపులమ్మాయి ఏడుపొస్తుందని భయపడి నవ్వింది.

"అయితే ఇన్నేళ్ళూ అన్నీ అర్థమయ్యే అడుగుతున్నారన్నమాట. ఏమీ తెలియనట్టు."

"అన్నీ అని ఎవరన్నారు? సగం సార్లు నిజంగానే అర్థం కాదు. ఏ సగమో మాత్రం అడక్కు." ఆవిడ చేతిసంచీలోంచి మడతలు పడిన నివేదిక తీసి, కాగితం పెట్టుకున్న చోట తెరిచింది. "ఇదిగో, ఇది చూడు. తొంభై రెండో పేజీ. ఆరో రోజున ఈ చప్పుడు ఉన్నట్టుండి సగానికి పడిపోయింది, ఏడో రోజుకి మళ్ళీ లేచింది. మరి ఎందుకు పడిపోయిందమ్మా?"

పైపులమ్మాయి చెప్పడానికి నోరు తెరిచింది. బొమ్మ చూసింది. దగ్గరికి తీసుకుని మళ్ళీ చూసింది. రెండేళ్ళలో ఆ బొమ్మని వందసార్లు చూసి ఉంటుంది, ఆరో రోజుని ఒక్కసారీ చూడలేదు. ఎవరైనా ప్రయోగశాలలో ఇది అడిగి ఉంటే ఆమె ఏదో ఒక కారణం కల్పించి చెప్పి, రాత్రంతా భయపడేది.

"నాకూ తెలీదు మేడం," అంది.

మేడం మొహం విప్పారింది.

"హమ్మయ్య," అంది, ఆమె భుజం మీద చెయ్యి వేస్తూ. "ముప్పై ఒక్కేళ్ళుగా ఈ భవనంలో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటున్నా. ఇవాళ్టికి ఇద్దరమయ్యాం."